రెండడుగుల ట్యాంక్‌లో ఏంజెల్సూ టైగర్ బార్బులూ, రోజూ కొట్లాటే

నీటిబుడగ:
అన్నలూ ఒక సాయం కావాలి. నాది రెండడుగుల చేపల ట్యాంక్, 24 బై 12 బై 15 అంగుళాలు, రాళ్లూ ఇసుకా పోను ఓ 60 లీటర్ల నీళ్లు పడతాయి. అందులో ఏంజెల్స్ మూడు, టైగర్ బార్బులు నాలుగు. షాపతను "అన్నీ కలిసుంటాయి సార్, ఏం కాదు" అన్నాడు, నేనూ తలూపి కవర్లో వేయించుకుని వచ్చేశా. కొన్నాళ్లు బానే ఉన్నాయి. ఇప్పుడు చిన్న ఏంజెల్‌కి కింద మీసాల్లా వేలాడే ఫిన్స్ (రెక్కలు) ఉంటాయి కదా, వాటిలో ఒకటి సగానికి తెగిపోయింది, తోక అంచు చిరిగిన కొంగులా అయింది. రోజంతా హీటర్ వెనకాలే నక్కి ఉంటోంది, మేత వేసినా రాదు. బార్బులే కొరుకుతున్నాయని దాన్ని మూడ్రోజులు బకెట్లో పెట్టి మళ్లీ వదిలా, పది నిమిషాలకే మళ్లీ అదే కథ. మా ఆవిడ "చేపలు తెచ్చావా, పందెం కోళ్లు తెచ్చావా" అంటోంది. బార్బుల్ని తీసేస్తే సరిపోతుందా?

బోరునీళ్లు:
నాలుగే ఉంటే అంతే బ్రో. బార్బులకి గుంపు కావాలి, ఎనిమిదో పదో ఉంటే వాటిలో అవే తరుముకుంటూ పక్కవాళ్ల జోలికి తక్కువ పోతాయి. ఇంకో ఆరు వెయ్.

సిక్లిడ్ పిచ్చోడు:
గుంపు మాట కరెక్టే గానీ 60 లీటర్లలో పది బార్బులూ మూడు ఏంజెల్సా, వాటి మలంతో నీళ్లలో పెరిగే అమ్మోనియా విషం సంగతేంటి స్వామీ? పైగా పది ఉన్నా సరే, కళ్లముందు పొడుగ్గా ఫిన్ వేలాడుతుంటే ఏదో ఒకటి వచ్చి పీక్కుపోతుంది. ఆ రెండు రకాలూ అసలు కలపకూడదు.

కానీ నాకు ఇంకో డౌటుంది. బార్బు టక్కున కొరికి పారిపోయే రకం, రోజంతా ఒకదాన్ని మూలకి తోసి కాపలా కాసేంత ఓపిక దానికి లేదు. మిగతా రెండు ఏంజెల్స్ మీద ఓ కన్నెయ్యండి. మేత వేయకుండా, దూరంగా కుర్చీ వేసుకుని ఓ పావుగంట చూడండి. దగ్గరికెళ్తే తిండి పెడతారని కొట్లాట ఆపేసి అద్దం దగ్గరికొచ్చేస్తాయి, దొంగలు.

నీటిబుడగ:
అన్నా మీరు చెప్పిందే. పెద్దవి రెండూ ఫిల్టర్ పైపు దగ్గరే ఉన్నాయి, ఒకటి నోటితో పైపుని శుభ్రం చేసి జరిగితే రెండోది వచ్చి చేస్తోంది. టార్చ్ వేసి చూస్తే పైపు మీద ఆవగింజంత కూడా లేని గుడ్లు, తేనె రంగులో, వరసగా. చిన్నది హీటర్ వెనక నుంచి కాస్త తొంగి చూసినా చాలు దూసుకొస్తున్నాయి.

సిక్లిడ్ పిచ్చోడు:
ఇంకేం, జంట కట్టేశాయి. ఏంజెల్ చూడ్డానికి అమాయకంగా ఉంటుంది గానీ అదీ సిక్లిడే, అడ్డా కోసం కొట్లాడే చేపల జాతి. గుడ్లు పెట్టాక సగం ట్యాంక్ మాదే అంటుంది, రెండడుగుల్లో సగం అంటే ఇక మొత్తం అన్నట్టే. మూడోదాన్ని ఇవాళే తీసేయండి. ఈ గుడ్లు పోయినా కొన్నాళ్లకి మళ్లీ పెడతాయి, మళ్లీ ఇదే గోల.

చేపలక్క:
తమ్ముడూ, బకెట్లో పెట్టి తిరిగి వదలడం వల్ల ఇంకా చెడుతుంది. అది మళ్లీ వస్తే మిగతావాటికి కొత్తగా దిగినదానితో సమానం. మామూలు గొడవల్లో దెబ్బ తిన్నదాన్ని కాదు, కొట్టేదాన్ని తీయాలి. మా ఇంట్లో బ్లూ గౌరామి మగది ఒకటి ఇలాగే రౌడీయిజం చేస్తే ఐదు రోజులు వేరే ఉంచి, ఈలోపు రాళ్లూ మొక్కలూ అన్నీ తీసి చోట్లు మార్చేసి, రాత్రి లైటాపేశాక వదిలా. తన అడ్డా ఎక్కడుందో దానికే అర్థం కాలేదు, చాలావరకు తగ్గింది. నీ జంట విషయంలో మాత్రం ఇది పనిచేయదులే.

చిన్నదాన్ని వేరే టబ్బులో స్పాంజి ఫిల్టర్ పెట్టి ఉంచు, రోజూ పావు వంతు నీళ్లు మార్చు, లీటరుకి గ్రాము చొప్పున కల్లుప్పు వెయ్. ఫిన్ మొదట్లో, అంటే ఒంటికి అతుక్కున్న చోట, దెబ్బతినకపోతే మళ్లీ పెరుగుతుంది.

నీటిబుడగ:
థాంక్స్ అక్కా, అన్నలూ. చిన్నది టబ్బులోకి మారింది, రెండో రోజే పెల్లెట్స్ (మేత గుళికలు) తింది. బార్బుల్ని ఆదివారం వెనక్కిచ్చేస్తున్నా, షాపతను డబ్బులివ్వడట, మేత డబ్బా ఇస్తాడట. ఇకపోతే పొద్దున లేచి చూస్తే పైపు ఖాళీ. తల్లిదండ్రులే తిన్నాయో ఏమో తెలీదు గానీ నాలుగు బార్బుల పొట్టలూ మాత్రం బాగా ఉబ్బి ఉన్నాయి.