నాచెజ్ ట్రిప్: ఆ మేడలకి టికెట్ కొనాలా వద్దా? ఇంట్లో గొడవ తేలట్లేదు

రెండుజడలు:
లాంగ్ వీకెండ్‌కి మిస్సిసిపీలో నాచెజ్ వెళ్దామని హోటల్ బుక్ చేసేశాం, హ్యూస్టన్ నుంచి ఐదు గంటలకి పైనే డ్రైవ్. 14 వేల పైచిలుకు జనం ఉన్న చిన్న ఊరు, నది ఒడ్డున, సివిల్ వార్‌కి ముందు కట్టిన మేడలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి, టూరిస్టులొచ్చేది వాటి కోసమే. గొడవ కూడా అక్కడే. మా ఆయనకి లాంగ్‌వుడ్, స్టాంటన్ హాల్ రెండూ లోపలికెళ్ళి చూడాలట, పాత బిల్డింగులంటే పిచ్చి. నాకేమో బానిసల చేత పత్తి పండించి కట్టుకున్న ఇళ్ళకి డబ్బులిచ్చి వెళ్ళి షాండిలియర్ భలే ఉందే అనడం ఏదోలా ఉంది. పిల్లలకి 12, 8. పెద్దదానికి స్కూల్లో ఈ పాఠాలే నడుస్తున్నాయి, వంద ప్రశ్నలేస్తుంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. ఇంకోటి, మా అత్తయ్యగారు కూడా వస్తున్నారు, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు, అక్కడ ఏం దొరుకుతుంది?

గోదారిగట్టు:
కొనేయండి, ఆలోచించకండి. లాంగ్‌వుడ్ చూడకపోతే నాచెజ్ వెళ్ళనట్టేనండి. ఎనిమిది పలకల ఇల్లు, నెత్తిన ఉల్లిపాయ లాంటి గుమ్మటం, అమెరికాలో ఆ తరహా ఇళ్ళలో ఇదే పెద్దది. హాలర్ నట్ అనే పత్తి ఆసామి 1860లో మొదలెట్టాడు, ఫిలడెల్ఫియా నుంచి పనివాళ్ళని దింపాడు, 1861లో యుద్ధం అనేసరికి వాళ్ళు ఎక్కడి పనిముట్లు అక్కడే పడేసి ఉత్తరాదికి చెక్కేశారు. 32 గదులకి గాను కింద 9 గదులే తయారయ్యాయి, ఆయన 1864లో న్యుమోనియాతో పోయాడు. మెట్లెక్కి పైకెళ్తే ఆ రంగు డబ్బాలు, చెక్క పెట్టెలు ఇంకా అలాగే ఉన్నాయి, తలెత్తితే గుమ్మటం దాకా బోసి ఇటుక, దూలాలు, నాకైతే ఒళ్ళు జలదరించింది. తాజ్‌మహల్ చూస్తాం, గోల్కొండ ఎక్కుతాం, రాళ్ళు మోసినోళ్ళకి కూలి సరిగ్గా ఇచ్చారా అని అడిగి ఎక్కుతున్నామా ఏంటి.

ఓరుగల్లు_పోరడు:
అన్నా గోల్కొండల ఎవ్వలు గౌన్లేసుకొని నిలబడి "మా తానీషా ఎంత మంచోడో" అని చెప్పరు కదా. ఈడ 1932 సంది ఏటా వసంతంల పిల్‌గ్రిమేజ్ అని పెడ్తరు, పిల్‌గ్రిమేజ్ అంటే తీర్థయాత్ర, పేరు జూడు, గార్డెన్ క్లబ్ ఆడోళ్ళు మొదలువెట్టిండ్రు, గొడుగు లెక్క గౌన్లేసుకొని ఇండ్లు జూపెట్టుడు. మాది జనగామ దిక్కు. మా తాత గడీల ఎట్టి జేసిన మనిషి, దొర పండుగకు మేకపిల్లను ఇయ్యాలె, చెప్పులు చేతుల వట్టుకొని గడీ ముందట నడువాలె. 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్యను కాల్చి సంపింది ఆ గడీలోళ్ళ మనుషులే. రేపు ఆ గడీకి సున్నమేసి, మీద సోఫాలేసి, టికెట్ వెట్టి "దొరసాని గారి అద్దం చూడండి" అంటే నేను పిల్లల్ని తోల్కపోవాల్నా? అక్కా, మీ మనసుకు ఏదోలా ఉన్నది కరెక్టే. పోవద్దు.

గోదారిగట్టు:
తమ్ముడూ మీ తాతగారి మాట కాదనను. కానీ గడీ కూలిపోతే రేపు ఎట్టి ఎక్కడ జరిగిందో చూపించడానికి గోడ కూడా మిగలదు కదా. నిలబెట్టాలంటే డబ్బు కావాలి, డబ్బు టికెట్ నుంచే వస్తుంది.

బాటన్‌రూజ్_బాబాయ్:
ఇక్కడ 20 ఏళ్ళుగా ఉన్నాను, నాచెజ్ మాకు గంటన్నర, చుట్టాలొచ్చినప్పుడల్లా నేనే డ్రైవరు కాబట్టి నా మాట కాస్త వినండమ్మా. గోదారిగట్టు లాంగ్‌వుడ్ కథ సగమే చెప్పారు. ఉత్తరాది పనివాళ్ళు పనిముట్లు పడేసి పోయారు సరే, మరి ఆ కింద 9 గదులు పూర్తి చేసిందెవరు? నట్ దగ్గరున్న బానిసలే. వాళ్ళకి పడేసి పోయే వీలు లేదు కదా. గైడ్ అది చెప్తే టికెట్ డబ్బులు దక్కినట్టు, చెప్పకపోతే మీరే అడగండి. ఒక మేడలో, పేరెందుకులే, నలభై నిమిషాల టూర్‌లో వెండి స్పూన్ల గురించి పావుగంట చెప్పి వంటిల్లు రాగానే "సర్వెంట్స్ ఇక్కడ వండేవారు" అని దాటేశారు. జీతం లేని సర్వెంట్లు!

మీరు ముందు చూడాల్సింది వేరే. ఊరి తూర్పున సెయింట్ క్యాథరిన్ వీధి చివర ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ అని ఒక జంక్షన్. చూడ్డానికి ఏమీ ఉండదు, గడ్డి, బోర్డులు, నేలలో సిమెంటు పోసి అందులో దిగేసిన సంకెళ్ళు. డీప్ సౌత్‌లో, అంటే ఈ దక్షిణాది పత్తి రాష్ట్రాల్లో, న్యూ ఆర్లీన్స్ తర్వాత పెద్ద బానిసల సంత అదే. 1833లో ఐజాక్ ఫ్రాంక్లిన్ అనే వ్యాపారి కలరాతో పోయిన బానిసల శవాల్ని గుట్టుగా పాతిపెట్టించాడు, అది బయటపడి ఊళ్ళో వాళ్ళు హడలిపోయి సంతని ఊరి హద్దు బయటికి నెట్టేశారు, రోగం అంటుతుందని భయం తప్ప జాలి కాదు. వర్జీనియా నుంచి ఇక్కడికి జనాన్ని గొలుసులేసి నడిపించేవాళ్ళు, వేయి మైళ్ళకి తక్కువుండదు. 1863లో యూనియన్ సైన్యం, అంటే ఉత్తరాది సైన్యం, వచ్చాకే మూతపడింది. స్థలం నేషనల్ పార్క్‌లో చేరింది 2021లో, అంటే నిన్నగాక మొన్న. టికెట్ లేదు, పది నిమిషాలు చాలు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఖాళీగానే ఉంది, పక్క రోడ్డు మీద కార్లు మాత్రం మేడల వైపు పోతూనే ఉంటాయి.

పప్పుచారు:
మీరు కొట్టుకోండి, అత్తయ్యగారి సంగతి నేను చూస్తా. ఈ ఊళ్ళో వెజ్ అని మెనూలో రాసి ఉన్నా నమ్మకూడదు. ఆకుకూర, కాలర్డ్ గ్రీన్స్ అంటారు, మన గోంగూరలా మెత్తగా ఉడికించి పెడతారు, టేబుల్ మీద వెనిగర్‌లో ఊరిన పచ్చిమిరపకాయల సీసా ఉంటుంది, అది రెండు చుక్కలు చిలకరిస్తే ప్రాణం లేచొస్తుంది, కానీ చాలా చోట్ల పంది కాలి ముక్క వేసి ఉడికిస్తారు. అలసందలూ అంతే. బిస్కెట్‌లో (టీలో ముంచుకునేది కాదండోయ్, మెత్తటి బన్ను లాంటిది, ఈ ఊరు తనని తాను ప్రపంచ బిస్కెట్ రాజధాని అని చెప్పుకుంటుంది) పంది కొవ్వు వేసి ఉండొచ్చు, అడగాలి. ధైర్యంగా ఆర్డర్ చేయాలంటే గ్రిట్స్, మొక్కజొన్న రవ్వ గంజి, వెన్న వేయించుకుని పైన మీ ఆవకాయ వేసుకోండి, సీసా తీసుకెళ్ళండి, సిగ్గుపడకండి. బెండకాయ వేపుడు, పచ్చి టమాటా వేపుడు బాగుంటాయి, కానీ పిండిలో గుడ్డు ఉందా, అదే నూనెలో క్యాట్‌ఫిష్ వేయించారా అని అడిగి తీరాలి. నాన్‌వెజ్ వాళ్ళకైతే ఫ్యాట్ మామాస్‌లో టమాలీలు, మొక్కజొన్న పిండిలో కారం మాంసం పెట్టి పొత్తు రేకుల్లో చుట్టి ఉడికిస్తారు, ఉప్పు బిస్కెట్లతో తింటారు. బీఫ్ ఉంటుంది, తినని వాళ్ళు చూసుకోండి.

ఓరుగల్లు_పోరడు:
గ్రిట్స్ అంటే మా మక్క గట్కనే వాయ్యా! గీ ముచ్చట ముందే చెప్పొద్దా. బెండకాయ, అలసందలు రెండూ ఆఫ్రికా నుంచి వచ్చినయే ఈ దేశానికి, బానిసల వెంబడే. గా మేడలల్ల ఏ గైడ్ చెప్పకున్నా గిన్నెల చరిత్ర ఉన్నది.

కొత్తగా_వచ్చా:
ఇదంతా చదివాక ఒక డౌట్. మనం నిన్నకాక మొన్న వీసా మీద వచ్చినవాళ్ళం, వాళ్ళ తెల్ల నల్ల గొడవలు మనకెందుకు? ట్రిప్‌కెళ్ళి ఫొటో దిగి రాక. హైవే 61 మీద మ్యామీస్ కబోర్డ్ అని స్కర్ట్ వేసుకున్న ఆడమనిషి ఆకారంలో హోటల్ ఉందట, రీల్‌కి భలే ఉంటుంది.

బాటన్‌రూజ్_బాబాయ్:
బాబూ, 1964లో సివిల్ రైట్స్ చట్టం, 1965లో ఇమ్మిగ్రేషన్ చట్టం. ఆ రెండోదే మన డాక్టర్లకీ ఇంజినీర్లకీ తలుపు తీసింది, అది ఆ మొదటి పోరాటం వేడిలో పుట్టిందే. ఆ నల్లవాళ్ళు లాఠీ దెబ్బలు తినకపోతే నీ స్టాంప్, నా స్టాంప్ ఉండేవి కావు. ఇక ఆ 28 అడుగుల బొమ్మ 1940 నాటిది, "మ్యామీ" అంటే తెల్లవాళ్ళ పిల్లల్ని పెంచే నల్ల దాసి అని వాళ్ళు అచ్చేసిన బొమ్మ. పౌరహక్కుల గొడవలప్పుడు దాని మొహానికి లేత రంగు పూశారు. బొమ్మ మార్చలేదు, రంగు మార్చారు. రీల్ తీసుకో, కానీ కింద ఈ ముక్క రాయి.

అదే ఏడు, 1940 ఏప్రిల్ 23న ఇదే ఊళ్ళో రిథమ్ నైట్ క్లబ్ తగలబడి 209 మంది పోయారు, అందరూ నల్లవాళ్ళే. డబ్బులివ్వకుండా ఎవరూ దూరకూడదని కిటికీలకి చెక్కలు కొట్టేశారట, ఉన్నది ఒక్క తలుపు. హైస్కూల్ పిల్లలు కూడా ఉన్నారు అందులో. ఇది చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది, వదిలేద్దాం.

గోదారిగట్టు:
బాబాయ్ గారూ ఒప్పుకుంటా, ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ నేను చూడలేదు, దాని ముందు నుంచే కారు పోనిచ్చా. కానీ మీరు కూడా ఊరిని రెండు రంగుల్లోనే చూపిస్తున్నారు. విలియం జాన్సన్ ఇల్లు సంగతేంటి? నల్లవాడు, 11 ఏళ్ళప్పుడు యజమాని విడుదల చేశాడు, బార్బర్ షాపులు పెట్టి బాగా సంపాదించాడు, 1835 నుంచి 1851లో చచ్చిపోయేదాకా డైరీ రాశాడు. ఆయనే బానిసల్ని కొని పెట్టుకున్నాడు! దీన్ని ఏ బోర్డు మీద రాస్తారు?

ఓరుగల్లు_పోరడు:
మరి ఎట్ల సచ్చిండో గూడ చెప్పు అన్నా. పొలం గట్టు కాడ లొల్లి, తుపాకితోని కాల్చిండ్రు. కాల్చినోడు నేను తెల్లోన్ని అన్నడు, చూసినోడు నల్లోడు, తెల్లోని మీద నల్లోడు సాక్ష్యం చెప్పుడు చెల్లదు గనుక కేసు పోయింది. ఎంత సంపాయించినా గదే కథ. అయినా ఈ ఇల్లు నేషనల్ పార్క్‌ది కాబట్టి నేను గూడ పోతా. నా కొట్లాట టికెట్‌తోని కాదు, కథ ఎవలు చెప్తున్నరు అన్నకాడ.

రెండుజడలు:
వెళ్ళొచ్చాం. అందరికీ థాంక్స్, చాలామంది అడిగారు కాబట్టి రాస్తున్నా. మొదట ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్. మా పెద్దది ఆ సిమెంటులో సంకెళ్ళ పక్కన కూర్చుని ఒకదానిలో తన మణికట్టు పట్టేంత చోటుందా అని వేళ్ళతో కొలిచింది, పట్టేలా ఉంది, అప్పటినుంచి కార్లో మాట్లాడలేదు. లంచ్‌లో మా అత్తయ్యగారు గ్రిట్స్ మీద ఆవకాయ వేసుకుంటే పక్క టేబుల్ ముసలాయన అదేంటని అడిగి నాలిక్కి రాసుకుని, రెండు గ్లాసుల స్వీట్ టీ తాగాడు పాపం.

తర్వాత రాజీ కింద స్టాంటన్ హాల్ మానేసి మెల్‌రోజ్ అనే ఇంకో మేడకి వెళ్ళాం, నేషనల్ పార్క్ వాళ్ళది, రేంజర్ చూపిస్తారు. డైనింగ్ టేబుల్ మీద కప్పు నుంచి పెద్ద చెక్క పలక వేలాడుతోంది, చెక్కుడు పని, తాడు కట్టి ఉంది. రేంజర్ దాన్ని "పంకా" అన్నాడు. మా చిన్నవాడు "అమ్మా మన పంకానా" అని అరిచాడు. అవును, మన దగ్గర్నుంచే వచ్చిన మాటట, కచేరీల్లో దొరల కోసం పంకా లాగే కూలీలుండేవాళ్ళు కదా అదే. ఇక్కడ భోజనాలయ్యేదాకా బానిస పిల్లాడు మూలన నిలబడి తాడు లాగాలి. మా అత్తయ్యగారు "మా తాతగారు కలెక్టర్ కచేరీలో పంకా లాగేవారు" అన్నారు, నాకు పెళ్ళై 14 ఏళ్ళు, ఈ మాట ఎప్పుడూ వినలేదు, మా ఆయనకీ తెలీదట.

లాంగ్‌వుడ్ మా ఆయన ఒక్కడే వెళ్ళి చూసొచ్చాడు. కింది గదులు ఎవరు పూర్తి చేశారని అడిగాడట, గైడ్ చెప్పిందట, అందులో ఒకళ్ళ పేరైనా తెలుసా అంటే ఆవిడ ఆగిపోయిందట. టికెట్ గొడవ ఇంకా తేలలేదు, నేనైతే కొనలేదు.

పప్పుచారు:
ఆ గ్రిట్స్ తిన్న హోటల్ పేరు చెప్పలేదు మీరు. వచ్చే నెల మా అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నా.