లైసేట్‌లో మెథోట్రెక్సేట్ పనిచేస్తోంది, బతికున్న కణాల్లో షిఫ్ట్ రావట్లేదు

కే562 అనే ల్యుకేమియా కణాల్లో మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు డీహెచ్ఎఫ్ఆర్ ఎంజైమ్‌కి అంటుకుంటోందా అని సెట్సా పద్ధతిలో (మందు అంటుకున్న ప్రోటీన్ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, ఆ మార్పే షిఫ్ట్) చూస్తున్నాను. 10 మైక్రోమోలార్ మందుతో 37 డిగ్రీల దగ్గర 3 గంటలు ఉంచి, 40 నుంచి 64 డిగ్రీల దాకా 3 నిమిషాల చొప్పున వేడి చేశాను. తర్వాత లిక్విడ్ నైట్రోజన్‌లో మూడుసార్లు ఫ్రీజ్-థా, 20,000 జి దగ్గర 20 నిమిషాలు స్పిన్, వెస్టర్న్ బ్లాట్ (కరిగి మిగిలిన ప్రోటీన్‌ని యాంటీబాడీతో బ్యాండ్‌గా చూసే పరీక్ష).

లైసేట్‌కి (పగలగొట్టిన కణాల ద్రవానికి) మందు కలిపితే బ్యాండ్ ఎక్కువ వేడికి కూడా చక్కగా నిలుస్తోంది. అంటే యాంటీబాడీది తప్పు కాదు. బతికున్న కణాల్లో మాత్రం డీఎంఎస్ఓ (మందు లేని ద్రావకం) కంట్రోల్‌కీ దీనికీ తేడానే లేదు! కొత్త స్టాక్ చేశాను, డోసు 50కి పెంచాను, 6 గంటలు ఉంచాను. అదే బ్లాట్, అదే టెన్షన్. ఈ మందు ఎక్కువగా ఫోలేట్ ట్రాన్స్‌పోర్టర్ (ఫోలేట్ విటమిన్‌ని కణంలోకి చేరవేసే ప్రోటీన్) ద్వారా లోపలికి వెళ్తుంది కాబట్టి నా అనుమానమంతా దాని మీదే.

మందు అసలు కణంలోకి చేరుతోందో లేదో తేల్చుకోవడానికి ముందుగా ఏ కంట్రోల్ పెట్టాలి?