సౌర దీపపు ఎర: వరికి, మిర్చికి కొనవచ్చునా?

ప్రశ్న (తెనాలి ప్రాంత రైతు)

అందరికీ నమస్కారం. కాలువ కింద నాలుగు ఎకరాల్లో బీపీటీ 5204 రకం వరి వేస్తున్నాను. గుంటూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో ఎకరన్నర మిర్చి కూడా నేనే చూసుకుంటున్నాను. ఈ మధ్య మా ఊరికి వచ్చిన ఒక అమ్మకందారు సౌరశక్తితో వెలిగే పురుగుల దీపాలను చూపించి, ఎకరానికి ఒకటి నిలబెడితే వరిలో కాండం తొలిచే పురుగుకు, సుడిదోమకు, మిర్చిలో నల్ల తామర పురుగుకు కూడా మందు కొట్టే పని ఉండదని చెప్పాడు. ఒకే దీపానికి ఇన్ని రకాల పురుగులు లొంగుతాయంటే నాకు నమ్మకం కుదరడం లేదు. వాడినవారు, తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం (పంటల రక్షణలో పనిచేసి విరమించిన వ్యక్తి)

మీ సందేహం సరైనదేనండి. ముందు మిర్చి సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అక్కడ ఆ దీపానికి పెట్టే డబ్బు దాదాపు వృథా. 2021లో మన మిర్చి తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పగటిపూట తిరిగేది. పువ్వుల్లో దాక్కుని ఉండే ఆ సన్నని పురుగు రాత్రి వెలుతురును వెతుక్కుంటూ రాదు. దానికి నీలి రంగు జిగురు అట్టలు పెట్టాలి, అవి కూడా ఉనికిని, ఉద్ధృతిని తెలుసుకోవడానికే ఎక్కువగా పనికివస్తాయి. మిర్చిలో దీపానికి వచ్చేవి ముఖ్యంగా పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగుల రెక్కల పురుగులు. వాటికి లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగవాటిని రప్పించి పట్టేవి) ఇంతకంటే చవకగా దొరుకుతాయి.

వరిలో విషయం వేరు. కాండం తొలిచే పురుగు తల్లి రెక్కల పురుగులు, ఆకుముడత రెక్కల పురుగులు, సుడిదోమలో రెక్కలు పొడవుగా ఉన్నవి దీపానికి బాగా వస్తాయి. అయితే వచ్చిన ఆడ పురుగుల్లో చాలా వాటికి అప్పటికే కొన్ని గుడ్లు పెట్టడం అయిపోయి ఉండవచ్చు. సుడిదోమలో రెక్కలు కురచగా ఉన్నవీ, పిల్లలూ దుబ్బు మొదట్లోనే రసం పీలుస్తూ ఉంటాయి కనుక నెత్తిన దీపం వెలిగినా వాటికి పట్టదు. కాబట్టి దీపం ఒక్కటే పైరును కాపాడుతుందన్న మాట నిలవదు, కానీ పురుగు ఎప్పుడు ఎక్కువైందో అది మనకు ముందే చెబుతుంది. దీపం కింద ఉండే నీళ్ల పళ్లెంలో రెక్కల పురుగులు ఒక్కసారిగా పెరిగాయంటే, వాటి గుడ్లు సుమారు వారం రోజుల్లో పొదుగుతాయి. పిల్ల పురుగు కాండంలోకి దూరిన తర్వాత కొట్టిన మందు దానికి తగలదు, కనుక మందు అవసరమా కాదా అన్నది ఆ వారంలోనే తేల్చుకోవాలి. దీపం ఖరీదు ఆ ఒక్క పనిలోనే గిట్టుబాటు కావాలి.

ఇంకొక మాట. సుడిదోమ గుడ్లను తినే మిరిడ్ నల్లి కూడా దీపానికి పెద్ద సంఖ్యలో వస్తుంది. తెల్లవార్లూ వెలిగే దీపం మిత్ర పురుగులను కూడా అదే పళ్లెంలో ముంచుతుంది. అందుచేత చీకటి పడింది మొదలు రాత్రి 10 గంటల దాకా మాత్రమే వెలిగి, దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఉన్నదాన్నే చూడండి. పౌర్ణమికి అటూ ఇటూ ఉండే రోజుల్లో పురుగులు తక్కువగా పడతాయి. అది చూసి పురుగు తగ్గిందని అనుకోవద్దు.

సమాధానం (దుగ్గిరాల వైపు రైతు)

మాకు ఒక దీపం ఉంది. పళ్లెంలో నీళ్లు పోసి నాలుగు చుక్కల కిరోసిన్ గానీ, కాస్త సబ్బు పొడి గానీ వేయాలి, లేకపోతే పడిన పురుగు మళ్లీ లేచిపోతుంది. పొద్దున్నే పళ్లెం చూసినప్పుడు కుప్పను చూసి సంబరపడకూడదు, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం పైరుకు సంబంధం లేని ఉసుళ్లు, పేడ పురుగులు, చిన్న చిన్న దోమలే ఉంటాయి. నేను పుల్లతో కదిలించి, ఎండుగడ్డి రంగు ముందు రెక్కల మీద ఒక్కొక్క నల్ల చుక్క ఉన్నవాటిని మాత్రం పక్కకు తీసి లెక్కపెడతాను. అవి కాండం తొలిచే పురుగు ఆడవి. ఆ సంఖ్యను తేదీ వేసి గోడ క్యాలెండర్‌ మీద రాసుకుంటే పెరుగుదల తెలిసిపోతుంది. అది పెరిగిన రోజున చేలోకి దిగి, ఆకు కొనల మీద గోధుమ రంగు నూగు కప్పిన గుడ్ల ముద్దలు ఉన్నాయేమో చూసుకుంటాను. దీపం ఉన్నా లేకపోయినా నారు కొనలు తుంచి నాటడం మాత్రం మానవద్దు, నారు మీది గుడ్లు చాలావరకు అక్కడే పోతాయి, పైసా ఖర్చు లేదు.

సమాధానం (విజయవాడ, సౌర పరికరాల మరమ్మతు)

పురుగుల సంగతి పెద్దలు చెప్పారు, నేను పెట్టె లోపలి సంగతి చెబుతాను. 3 వాట్ల దీపం నాలుగు గంటలు వెలగడానికి 12 వాట్‌-అవర్లు కావాలి. చవక దీపాల్లో పెట్టే 6 వోల్టుల, 4.5 ఆంపియర్‌-అవర్ల లెడ్‌ బ్యాటరీలో మొత్తం 27 వాట్‌-అవర్లు ఉన్నా, బ్యాటరీ పాడు కాకుండా వాడుకోగలిగేది అందులో సగమే. అంటే ఒక్క రాత్రికి సరిపోతుంది. సుడిదోమ విజృంభించే అక్టోబరులోనే మనకు ముసురు, వాయుగుండాలు కూడా కదా, రెండో రోజు మబ్బు పట్టిందంటే దీపం వెలగదు. లిథియం ఫెర్రో ఫాస్ఫేట్‌ బ్యాటరీ ఉన్నది కొంత ఖరీదైనా అదే తీసుకోండి, సౌర పలక కూడా కనీసం 10 వాట్లది అడగండి.

దీపం రంగు కూడా చూడాలి. పురుగులను లాగేది ముఖ్యంగా 365 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతి. అది మన కంటికి మసకగా, ఊదాగా కనిపిస్తుంది. కళ్లు మిరుమిట్లు గొలిపే తెల్ల దీపం చూపించి ఇదే శక్తిమంతమైనదని అమ్మేవాళ్లను నమ్మవద్దు. ఊదా దీపం వైపు మాత్రం దగ్గర నుంచి తేరిపార చూడకండి, పిల్లలను చూడనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. మిర్చికి జిగురు అట్టలు, బుట్టలే పెడతాను. వరికి మాత్రం ఎకరానికొకటి కాకుండా, పక్క చేల వాళ్లతో కలిసి ఒకటి కొనాలని అనుకుంటున్నాం. అయితే మా పక్కాయన, దీపం తన గట్టు దగ్గర పెడితే ఊళ్లో పురుగులన్నీ తన చేలోకే వస్తాయని అంటున్నారు. అది నిజమేనా?

సమాధానం (పంటల రక్షణలో పనిచేసి విరమించిన వ్యక్తి)

ఆయన భయంలో కొంత నిజం ఉందండి. దీపం దాకా వచ్చిన ప్రతి పురుగూ పళ్లెంలో పడదు, కొన్ని చుట్టుపక్కల పైరు మీద వాలి గుడ్లు పెడతాయి. అందువల్ల చేను మధ్యలో కాకుండా, పైరుకు కొంచెం ఎడంగా బోదె గట్టు మీదనో, బాట పక్కనో నిలబెట్టండి. వీధి దీపం వెలుతురు పడని చోటు చూసుకోండి. పైరు ఎదిగేకొద్దీ దీపం దానికంటే ఎత్తున ఉండేలా జరపగలిగే స్తంభం ఉండాలి. ఆయన చేలో దీపానికి దగ్గరగా ఉన్న దుబ్బులను వారానికోసారి మీరే వంచి చూస్తామని చెబితే ఆయన కూడా ఒప్పుకోవచ్చు.