హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీ పోయిందిగా, అసలు ఒక ఫుట్‌బాల్ టీమ్‌కి సొంతూరు దాటి ఫ్యాన్స్ ఎట్టా వస్తారు?

కావలి_కుర్రోడు:
అన్నలూ ఒక డౌటు. మొన్న ఆదివారం నేనూ మా ఫ్రెండూ టీ కొట్టు దగ్గర గంటన్నర వాదించుకున్నాం, అయినా తెగలా. వాడి లెక్క ఏందంటే టీమ్ గెలిస్తే చాలు, జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు అని. నేనన్నా, మరి హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్, మన దేశం ఫుట్‌బాల్ లీగ్) కప్పు కొట్టింది కదా, కావలిలో ఆ సంగతి తెలిసినోళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టరా అని. వాడు నిజంగానే మొదలుపెట్టాడు, మూడో వేలు దగ్గర ఆగిపోయాడు, అందులో ఒక వేలు నేను, ఇంకోటి వాడే.

2025లో అదే టీమ్ మూటాముల్లే సర్దుకుని ఢిల్లీ పోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. మా వీధిలో ఒక్కడు కూడా అయ్యో అనలా. అదే సీఎస్కే ఓడిన రోజు మా పక్కింటి మామ అన్నం కూడా సరిగ్గా తినడు, అత్తని కసురుకుంటాడు. చెన్నై మన స్టేట్ కూడా కాదు, ధోనీ మన భాష వాడు కూడా కాదు, రాంచీ వాడు. మరి ఆ ప్రేమ యాడ నుంచి వచ్చింది?

నా ప్రశ్న ఏందంటే ఒక ఫుట్‌బాల్ క్లబ్ తన ఊరు, తన స్టేట్ దాటి దేశం మొత్తం మీద ఫ్యాన్స్‌ని సంపాదించాలంటే ఏం చేయాలి? నెట్‌లో వెతికితే బ్రాండ్, ఎంగేజ్‌మెంట్ అని ఏదేదో వస్తుండాది, నాకు తలకెక్కలా. మామూలుగా మనుషులు మాట్లాడుకునేట్టు చెప్పండి.

ఒంగోలు_గిత్త:
మంచి టాపిక్ తమ్ముడూ. నేను గెలుపు సంగతి పక్కనబెట్టి నేను చూసింది చెప్తా.

ఒంగోలు కర్నూలు రోడ్డులో ఒక కేరళ ఆయన బేకరీ ఉంది, సాయంత్రం పూట ఎగ్ పఫ్ కోసం నేను రెగ్యులర్. షాపులో దేవుడి ఫోటో పక్కనే పసుపు జెర్సీ ఒకటి మేకుకి తగిలించి ఉంటది, ఏనుగు బొమ్మ ఉన్నది, కేరళ బ్లాస్టర్స్‌ది. మ్యాచ్ ఉన్న రోజు ఏడున్నరకి కౌంటర్ మీద ఫోన్ నిలబెట్టి పెడతాడు, గ్లాసుకి ఆనించి. ఆ రెండు గంటలు నువ్వు ఏం అడిగినా ఆయన తల ఎత్తడు, చిల్లర కూడా చూడకుండానే ఇస్తాడు. ఒకసారి నాకు ఇరవై ఎక్కువ వచ్చింది, తిరిగిచ్చేశాలే.

ఇప్పుడు అసలు పాయింట్ చూడు. ఈ బ్లాస్టర్స్ 2014, 2016, 2022 మూడు సార్లు ఐఎస్ఎల్ ఫైనల్‌కి పోయింది, మూడు సార్లూ ఓడింది. ఆ మూడోది మన హైదరాబాద్ చేతిలోనే. ఐఎస్ఎల్ కప్పు ముట్టుకోని టీమ్ అది. అయినా మంజప్పడ అని వాళ్ళ ఫ్యాన్స్ గుంపు ఉంది చూడు, గల్ఫ్‌లో ఉంటారు, బెంగళూరులో ఉంటారు, వేరే ఊళ్ళో మ్యాచ్ అయినా సగం స్టాండు పసుపు చేసేస్తారు. అంటే మలయాళీ యాడికి పోతే టీమ్ ఆడికి పోయింది. క్లబ్బు వాళ్ళు బ్రాంచ్ పెట్టాల్సిన పనే లేదు, బేకరీ ఆయనే బ్రాంచ్.

ఇంకో తమాషా. 2016లో ఆ టీమ్‌లో వాటా కొన్నది ఎవరు? చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్. అంతకుముందు నుంచి సచిన్ ఉన్నాడు. తెలుగోళ్ళకి ఇంతకన్నా పెద్ద పేర్లు ఏం కావాలి, మరి మన జిల్లాలో ఒక్కడన్నా బ్లాస్టర్స్ ఫ్యాన్ అయ్యాడా? కాలా. స్టార్‌ని చూపిస్తే జనం ఒకసారి తిరిగి చూస్తారు, రెండోసారి చూడాలంటే ఆ టీమ్‌లో వాళ్ళది ఏదో ఒకటి ఉండాల.

పెన్నా_ఒడ్డు:
బాబూ, నేను రిటైర్డ్ మనిషిని, టైపింగ్ స్లో, తప్పులుంటే సర్దుకోండి. మా నాయన రైల్వే ఉద్యోగం వల్ల నా చిన్నతనం అంతా ఖరగ్‌పూర్‌లో గడిచింది. అక్కడ తెలుగోళ్ళం ఎంతమందిమో మీకు తెలిసే ఉంటది, రైల్వే కాలనీల్లో వీధులకి వీధులే మనవి.

1975లో ఐఎఫ్ఏ షీల్డ్ (కలకత్తాలో జరిగే పాత ఫుట్‌బాల్ టోర్నమెంట్) ఫైనల్ నేను రేడియోలో విన్నా. ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ని 5-0 తో కొట్టింది, రెండూ కలకత్తా క్లబ్బులే. మా క్వార్టర్స్‌లో ఒక రేడియో చుట్టూ పాతిక మంది, కామెంటరీ బెంగాలీలో, మా అమ్మకి ఆ భాష సగమే వచ్చు, అయినా గోల్ అన్న మాటకి తర్జుమా అక్కర్లేదు కదా. మూడో గోల్‌కే మోహన్ బగాన్ వాళ్ళు లేచి వెళ్ళిపోయారు, అందులో మా లెక్కల మాస్టారు కూడా. మర్నాడు క్లాసులో ఆయన ఎవర్నీ ప్రశ్న అడగలేదు.

నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, దేశం మొత్తం అభిమానులు అనేది మనకి కొత్త కాదు. 1911లో మోహన్ బగాన్ వాళ్ళు ఒక్కరు తప్ప అందరూ ఉత్తకాళ్ళతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే తెల్లోళ్ళ పటాలం టీమ్‌ని 2-1 తో ఓడించారు, అది ఒక్క కలకత్తా గెలుపుగా ఎవరూ అనుకోలేదు. మొహమ్మడన్ స్పోర్టింగ్ 1934 నుంచి 38 దాకా వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగ్ గెలిస్తే, కలకత్తా ముఖం చూడని ముస్లిం కుటుంబాలు కూడా దాన్ని తమ టీమ్ అనుకున్నాయి. ఈస్ట్ బెంగాల్ అయితే అటు తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చినోళ్ళ టీమ్, వాళ్ళకి మిగిలిన సొంతూరు అదే. ఈ మూడింటిలోనూ గెలుపు ఉంది, కాదనను, కానీ గెలుపు వెనక "మనోళ్ళు" అనే మాట ఉంది. ఆ మాట లేకుండా ఎన్ని కప్పులు కొట్టినా షోకేసులోకే.

సరదాగా ఇంకోటి. అక్కడ ఈస్ట్ బెంగాల్‌కి గుర్తు ఇలిస చేప, అంటే మన గోదారోళ్ళ పులస. మోహన్ బగాన్‌కి గుర్తు రొయ్య. గెలిచిన రోజు ఇళ్ళల్లో అదే వండుతారు. ఆ లెక్కన మన ఇందుకూరుపేట, అల్లూరు రొయ్యల చెరువుల వాళ్ళంతా పుట్టుకతోనే మోహన్ బగాన్ అవ్వాలి, ఎవరూ వచ్చి అడగలేదు అంతే.

కావలి_కుర్రోడు:
బాబాయ్ సూపర్, లెక్కల మాస్టారు హైలైట్ 😄 రొయ్యల సంగతి మా నాయనకి చెప్తే ఇప్పుడే మెంబర్‌షిప్ తీసుకుంటాడు.

టీకొట్టు_ఫిలాసఫర్:
ఆ ఫ్రెండు నేనే. వీడు నా గురించి ఊరంతా చాటింపేస్తుండాడు.

నేను గెలిస్తే చాలు అన్నా, ఇప్పటికీ అదే అంటా. బయర్న్, రియల్ మాడ్రిడ్, మాంచెస్టర్ యునైటెడ్, ఇవన్నీ గెలిచే కదా ఇంత అయ్యాయి. ఓడిపోయే టీమ్ జెర్సీని పక్క జిల్లా వాడు డబ్బులు పెట్టి ఎందుకు కొంటాడు? కేరళోడు కొంటాడు, వాడిది కాబట్టి. ప్రశ్న సొంతూరు దాటి అని కదా.

గూడూరు_నిమ్మకాయ:
@టీకొట్టు బ్రో సగం కరెక్ట్. నేను ఇటలీలో ట్యూరిన్‌లో రెండేళ్ళు చదువుకున్నా కాబట్టి ఒక ఉదాహరణ ఇస్తా. యువెంటస్ ట్యూరిన్ టీమ్, అది ఉత్తరం వైపు ఊరు. కానీ ఇటలీ మొత్తం మీద, ముఖ్యంగా దక్షిణాన, ఊరూరా యువెంటస్ ఫ్యాన్సే. ఎందుకంటే యుద్ధం అయ్యాక సిసిలీ, కలాబ్రియా, పూలియా నుంచి కూలీలు లక్షల్లో ట్యూరిన్‌కి ఫియట్ ఫ్యాక్టరీ పనులకి వచ్చారు. ఫియట్ ఆన్యెల్లి ఫ్యామిలీది, టీమ్ కూడా 1923 నుంచి వాళ్ళ చేతిలోనే. వారమంతా వాళ్ళ ఫ్యాక్టరీలో పని, ఆదివారం వాళ్ళ టీమ్. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు మనోళ్ళు చెన్నై నుంచి బట్టలు తెచ్చినట్టు వాళ్ళు యువెంటస్‌ని తీసుకెళ్ళారు. దానికి తోడు 1968లో క్లబ్ పియెత్రో అనస్తాసి అనే కుర్రాడిని కొన్నది, సిసిలీలో కతానియా వాడు, ఇక చూస్కో, ఫ్యాక్టరీ వాళ్ళకి గ్రౌండ్‌లో సొంత మనిషి దొరికాడు. నేను పార్ట్‌టైమ్ చేసిన పిజ్జా కొట్టు ఓనర్ సిసిలీ ఆయనే, ఓవెన్ పైన ఆ అనస్తాసి ఫోటో ఉండేది, పొగకి నల్లబడిపోయి ముఖం కనపడదు, అయినా తీయడు.

బ్రెజిల్‌లో ఫ్లెమెంగో కథ వేరే. అది రియో టీమ్. రియో అప్పట్లో క్యాపిటల్, 1960 దాకా. దేశం మొత్తానికి రేడియో ఆ ఊరి నుంచే వచ్చేది, దాంతోపాటు రియో మ్యాచ్‌లు కూడా. ఎక్కడో ఈశాన్యం మూల పల్లెలో కూర్చున్నవాడికి వినపడేది రియో టీములే. గెలుపు ముందా వినపడటం ముందా అంటే నేను వినపడటమే ముందు అంటా. హైదరాబాద్ ఎఫ్‌సీకి సరిగ్గా అదే లేకపోయింది. 2020-21, 2021-22 రెండు సీజన్లూ కోవిడ్ వల్ల ఐఎస్ఎల్ మొత్తం గోవాలోనే ఆడించారు. టీమ్ బాగా ఆడిన టైమ్‌లో సొంత గ్రౌండు గచ్చిబౌలి స్టేడియం తాళమేసి ఉంది. పెళ్ళి ఘనంగా జరిగింది, ఇంటోళ్ళే లేరు. 2023-24 నాటికి డబ్బుల గొడవల్లో పడి ప్లేయర్లు చెదిరిపోయారు, జనానికి గేటు దగ్గరకి రావడం అలవాటయ్యేలోపు లోపల టీమ్ లేదు.

ఇక క్లబ్ చేయగలిగింది ఏందయ్యా అంటే, మనం పోలేం కాబట్టి వాళ్ళే రావాల. ఫ్లెమెంగో తన హోమ్ మ్యాచ్‌లు కొన్ని బ్రెజీలియాలో ఆడుతుంది. లిస్బన్ క్లబ్ బెన్ఫికాకి పోర్చుగల్ చిన్న చిన్న టౌన్లలో కూడా బెన్ఫికా ఇల్లు అని క్లబ్బులు ఉన్నాయి, కాఫీ తాగొచ్చు, మ్యాచ్ చూడొచ్చు. సీఎస్కే సంగతే చూడండి, 2018లో కావేరి గొడవకి మ్యాచ్‌లు పుణె మారిస్తే ఫ్యాన్స్ కోసం చెన్నై నుంచి ఏకంగా రైలే వేశారు. అట్టాంటి పని ఒక్కటి చేస్తే మనిషి చచ్చేదాకా మర్చిపోడు.

నా బాధ కూడా వినండి మరి. ఒకసారి చెన్నైలో చెన్నయిన్ (చెన్నై ఐఎస్ఎల్ టీమ్) మ్యాచ్‌కి పోయా. పోయేటప్పుడు బాగుంది, సెంట్రల్‌లో దిగి నడిస్తే నెహ్రూ స్టేడియం. మ్యాచ్ ఏడున్నరకి, అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటింది, ట్రైన్ మిస్, మాధవరం బస్టాండ్‌కి ఆటో వాడు అడిగింది టిక్కెట్టు రేటుకి డబుల్, గూడూరులో దిగేసరికి రెండున్నర, వీధి కుక్కలన్నీ నా వెంటే. గూడూరు, నెల్లూరు వాళ్ళం చెన్నైకి హైదరాబాద్ కన్నా చాలా దగ్గర, ఆదివారం సాయంత్రం ఐదుకి ఒక మ్యాచ్ పెట్టి ఒక బస్సు పంపితే మేం రెడీ. ఎవరికీ తట్టదు.

కందుకూరు_పీఈటీ:
నమస్తే. నేను గవర్నమెంట్ స్కూల్లో పీఈటీని, కందుకూరు దగ్గర. (ఏ జిల్లా అని అడగొద్దు, మాకే డౌటు.)

పై స్థాయి మాటలు అందరూ చెప్పారు, నేను కింద నుంచి చెప్తా. మా స్కూల్లో నలభై మంది పిల్లలకి ఫుట్‌బాల్ ఒక్కటే, దానికి కూడా బ్లాడర్ పోతే సైకిల్ షాపులో ప్యాచ్ వేయించా. పిల్లల ఒంటి మీద మాత్రం మెస్సీ, రొనాల్డో, సంతలో నూట యాభైకి దొరికే జెర్సీలు. ఇండియా క్లబ్ ఒక్కటి పేరు చెప్పండ్రా అంటే ఒకడు లేచి "సన్‌రైజర్స్ సార్" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలీలా.

అదే కబడ్డీ అడగండి. 2014లో తెలుగు టైటాన్స్ వచ్చింది. పేరులోనే తెలుగు అని పెట్టుకుంది, హైదరాబాద్ అని పెట్టలా, వైజాగ్ అని పెట్టలా. దాంతో మా ఊరు కూడా అందులోకి వచ్చేసింది. రాహుల్ చౌదరి యూపీ వాడు, ఒక్క తెలుగు ముక్క రాదు, అయినా వరసగా ఐదారు సీజన్లు అదే టీమ్‌లో ఉన్నాడు కాబట్టి మా పిల్లలు రైడ్‌కి పోయేటప్పుడు "రాహుల్ వస్తుండా" అని అరిచేవాళ్ళు. ఐఎస్ఎల్‌లో ఏడాదికో ఫారిన్ ప్లేయర్. పేరు నోరు తిరిగేలోపు వాడు వేరే టీమ్‌లో ఉంటాడు.

నేను క్లబ్ ఓనర్‌ని అయితే (నవ్వకండి) యాడ్స్‌కి పెట్టే దాంట్లో కొంచెం తీసి మండలానికి ఇరవై బంతులు, ఏడాదికి ఒకసారి ఒక కోచ్ అన్నా, ఒక ప్లేయర్ అన్నా రెండు రోజులు వచ్చి పిల్లలతో ఆడి పోవడం పెడతా. పెద్దోళ్ళని మార్చలేం, వాళ్ళది ధోనీతో అయిపోయింది. ఆరో క్లాసు వాడి బంతి మీద నీ క్లబ్ గుర్తు ఉంటే వాడు ఇరవై ఏళ్ళు నీ వాడు. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చూడండి, పల్లె పిల్లలకి గ్రౌండు, బూట్లు, కోచింగ్ ఇచ్చి లీగులు ఆడిస్తుండారు, అక్కడ పిల్లలు ఫుట్‌బాల్ గురించి మాట్లాడే తీరే వేరు. మన వైపు అట్టా ఒక్కటి లేదు.

తెలుగులో కామెంటరీ కూడా ముఖ్యం, ఆఫ్‌సైడ్ అంటే ఏందో మా పిల్లల నాయనలకి తెలుగులో ఒకసారి చెప్తే చాలు, వాళ్ళు కూడా కూర్చుంటారు.

టీకొట్టు_ఫిలాసఫర్:
సార్ మీది చదివాక నాది కొంచెం మార్చుకుంటుండా. గెలవాల, కానీ మన కళ్ళ ముందు గెలవాల. గోవాలో తాళమేసుకుని గెలిస్తే లెక్కలోకి రాదు. ఇది ఓటమి కాదు కావలోడా, టీ డబ్బులు మాత్రం ఇయ్యను.

కావలి_కుర్రోడు:
టీ డబ్బులు రాసిపెట్టుకున్నా, యాభై రెండు.

అందరికీ థ్యాంక్స్, పీఈటీ సార్ ఒకసారి మెసేజ్ చేయండి, మా బ్యాచ్ వాళ్ళం తలా కొంత వేసుకుని ఓ నాలుగు బంతులు పంపిస్తాం, మీ పిల్లలు వాటి మీద ఏ గుర్తు గీసుకున్నా సరే. గిత్త అన్నా, బుధవారం పని మీద ఒంగోలు వస్తుండా, ఆ బేకరీ కర్నూలు రోడ్డులో ఎక్కడ?

ఒంగోలు_గిత్త:
ఫ్లైఓవర్ దిగాక ఎవర్ని అడిగినా చెప్తారు తమ్ముడూ, పసుపు జెర్సీ కొట్టు అను. ఎగ్ పఫ్ వేడిగా ఉండేది ఐదింటికి. నువ్వు హైదరాబాద్ ఫ్యాన్ అని మాత్రం ఆయనకి చెప్పమాక, 2022 గుర్తొస్తే పఫ్‌లో గుడ్డు ఉండదు.