బీటీయూ మీటర్‌లో ఫ్లో వస్తోంది, టెంపరేచర్లు వస్తున్నాయి, ఎనర్జీ మాత్రం సున్నా

చిల్లర్ శీను (గచ్చిబౌలి)
అన్నలందరికీ నమస్తే. మా బిల్డింగ్‌లో ఫ్లోర్‌కో టెనెంట్, ఫ్లోర్‌కో బీటీయూ మీటర్ (ఏసీకి వచ్చే చల్లనీళ్లు ఎంత చల్లదనం ఇచ్చాయో బిల్లు కోసం కొలిచేది). పాత క్యాలిక్యులేటర్లలో (ఫ్లో, టెంపరేచర్లు తీసుకుని ఎనర్జీ లెక్కేసే డబ్బాలు) బ్యాటరీలు అయిపోయాయని మేనేజ్‌మెంట్ కొత్తవి తెప్పించింది, ఫ్లో మీటర్లు, సెన్సర్లు పాతవే ఉంచాం. స్క్రీన్ మీద ఫ్లో గంటకు 11 క్యూబిక్ మీటర్లు, సప్లై (వచ్చే నీళ్లు) 7.4 డిగ్రీలు, రిటర్న్ (తిరిగి వెళ్లే నీళ్లు) 12.1, అన్నీ నమ్మేలాగే ఉన్నాయి, ఎనర్జీ అంకె మాత్రం కదలదు. ఎర్రర్ కోడ్ కూడా లేదు. రెండోది, ఇది కిలోవాట్ అవర్లలో చూపిస్తుంది, మా అగ్రిమెంట్లన్నీ టీఆర్ (టన్ రిఫ్రిజిరేషన్) అవర్లలో ఉన్నాయి. మూడోది, ఎం-బస్‌లో (మీటర్ల రీడింగులు తీసుకునే రెండు వైర్ల లైన్) మీటర్లన్నీ ఒకే అడ్రస్‌తో వచ్చాయి, బీఎంఎస్‌లో (బిల్డింగ్‌ని చూసుకునే కంప్యూటర్ సిస్టమ్) ఒక్కటీ సరిగ్గా రావట్లేదు. నెలాఖరుకి బిల్లులు వేయాలి, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పైపుల పంతులు
ఇందులో టెన్షన్ ఏముంది తమ్ముడూ. నీకు వచ్చింది హీట్ మీటర్ క్యాలిక్యులేటర్. చలిదేశాల్లో ఇళ్లు వేడి చేసే లైన్ల కోసం చేసింది. దాని దృష్టిలో సప్లై వేడిగా, రిటర్న్ చల్లగా ఉండాలి. నీ దగ్గర రివర్స్, తేడా మైనస్‌లో వస్తుంది, మైనస్‌ని అది లెక్కేయదు. ఎర్ర లేబుల్ సెన్సర్ తీసి రిటర్న్ పైపులో, నీలం లేబుల్ది సప్లైలో పెట్టు, పని అయిపోయింది. మీరంతా డిప్లొమా రాస్తున్నప్పటి నుంచి నేను ఇదే పనిలో ఉన్నా. అన్నట్టు సెన్సర్ కేబుల్ ఎంత పొడవు? ఎక్కడైనా జాయింట్ ఉందా?

ఫెసిలిటీ కమల
పల్స్ వాల్యూ, అంటే ఫ్లో మీటర్ పంపే ఒక్కో సిగ్నల్‌కి ఎన్ని లీటర్లో, చూసుకున్నారా ముందు? ఫ్లో మీటర్ నేమ్‌ప్లేట్ మీద పల్స్‌కి 10 లీటర్లని ఉంటే క్యాలిక్యులేటర్‌లోనూ 10 ఉండాలి. మా దగ్గర వెండర్ పంపిన ఇంజనీర్ 100 పెట్టి వెళ్లిపోయాడు. టెనెంట్‌కి పదింతల బిల్లు వెళ్లింది, వాళ్ల అడ్మిన్ ఆ బిల్లు పట్టుకుని మా ఎండీ క్యాబిన్‌లో కూర్చున్నాడు, తిట్లు మాత్రం నాకు. చాలా మోడళ్లలో పల్స్ వాల్యూ ఒకసారి సెట్ చేసి, కొంచెం ఎనర్జీ తిరిగాక లాక్ అయిపోతుంది, మళ్లీ మార్చాలంటే కంపెనీకే పంపాలి. ఆ వెండర్ ఇంజనీర్ మళ్లీ ఫోన్ ఎత్తితే ఒట్టు.

చిల్లర్ శీను (గచ్చిబౌలి)
కమల గారూ, పల్స్ సరిపోయింది, పంపు లాగ్ బుక్‌లో ఉన్న ఫ్లోతో కూడా కలుస్తోంది. పంతులన్నా, సెన్సర్లు పీటీ500 (టెంపరేచర్‌ని బట్టి రెసిస్టెన్స్ మారే రకం), రెండు వైర్లవి. మూడో ఫ్లోర్‌లో క్యాలిక్యులేటర్ బాక్స్ ఎలక్ట్రికల్ రూమ్‌లో పెట్టడం వల్ల రిటర్న్ సెన్సర్ కేబుల్ అందక పాత కాంట్రాక్టర్ సుమారు 8 మీటర్లు కలిపాడు. సప్లైది అలాగే ఉంది.

పైపుల పంతులు
అదిగో, నేను అడిగింది అందుకే. రెండు వైర్ల సెన్సర్ కేబుల్‌ని పెంచకూడదు, కత్తిరించకూడదు. మిగిలిన వైరు ఉంటే చుట్ట చుట్టి కట్టుకో, అంతే. జత చేసి టెస్ట్ చేసి ఇచ్చిన సెన్సర్లవి.

వైర్‌మ్యాన్ వాసు
పంతులు గారూ ఊరికే భయపెట్టకండి. నేను పఠాన్‌చెరులో ఎన్ని సైట్లలో పొడిగించానో, ఎవరూ ఏమీ అనలేదు. 8 మీటర్ల రాగి తీగకి రెసిస్టెన్స్ ఎంతుంటుంది, ఓం కూడా ఉండదు.

డెల్టా టీ
ఓం ఉండదు కాబట్టే ఎవరూ పట్టుకోలేదు. లెక్క వేద్దాం. 0.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరుకి మీటర్‌కి దగ్గర దగ్గర 0.034 ఓం. పోను రాను 16 మీటర్లు, అంటే 0.55 ఓం. పీటీ500లో ఒక డిగ్రీకి 1.92 ఓం మారుతుంది, కాబట్టి రిటర్న్ దాదాపు 0.3 డిగ్రీ ఎక్కువ చూపిస్తోంది. శీను గారు చెప్పిన 4.7 తేడాలో అసలు తేడా 4.4. అంటే ఆ ఫ్లోర్ టెనెంట్ ఆరేడు శాతం ఎక్కువ కడుతున్నాడు. అదే పీటీ100 అయ్యుంటే దాదాపు ఒకటిన్నర డిగ్రీ. సప్లై వైరు పొడిగించి ఉంటే నష్టం ఓనర్‌కి. కాంట్రాక్టర్లు ఎప్పుడూ రిటర్న్ వైరే ఎందుకు పొడిగిస్తారో మరి.

వైర్‌మ్యాన్ వాసు
అంటే మేము దొంగలమనా మీ ఉద్దేశం? బాక్స్ ఎక్కడ పెట్టాలో డ్రాయింగ్ వేసింది మీలాంటి ఇంజనీర్లే. అందని చోట బాక్స్ పెట్టించి, కేబుల్ అందలేదు అంటే ఏదో ఒకటి చేసేయ్ అంటారు. రెండు సెన్సర్లకీ సమానంగా పొడిగిస్తే తేడా తేడాగానే ఉంటుంది కదా, అది చెప్పరేం?

డెల్టా టీ
సమానంగా అంటే ఒకే వైరు, ఒకే పొడవు, రెండు జాయింట్లూ ఒకేలా. ఏహెచ్‌యూ (ఫ్లోర్‌కి గాలి చల్లబరిచే మెషిన్) రూమ్ తేమలో టేప్ చుట్టిన జాయింట్ రెండు వానాకాలాలు దాటాక ఒకేలా ఉంటుందా? దూరం తప్పదంటే నాలుగు వైర్ల సెన్సర్, నాలుగు వైర్లు తీసుకునే క్యాలిక్యులేటర్ కొనాలి, అప్పుడు వైరు రెసిస్టెన్స్ లెక్కలోకే రాదు. దొంగలని నేను అనలేదు.

దుబాయ్ బాబాయ్
మీకు టెనెంట్లు పోట్లాడితే వింటారు, అదే గొప్ప. ఇక్కడ డిస్ట్రిక్ట్ కూలింగ్‌లో (ఒకే ప్లాంట్ నుంచి ఏరియాలోని బిల్డింగులకి చల్లనీళ్లు) వాడినా వాడకపోయినా కెపాసిటీ చార్జీ అని టన్నుల లెక్కన నెలనెలా వేస్తారు. పోయిన ఎండాకాలం మేము రాజమండ్రి వచ్చి ఉన్నాం, ఫ్లాట్‌కి తాళం, అయినా వాడకం చార్జీ కూడా వచ్చింది. అడిగితే మీటర్ కరెక్టే అన్నారు. చూస్తే ఎఫ్‌సీయూ (గదిని చల్లబరిచే ఏసీ యూనిట్) వాల్వ్ పూర్తిగా మూసుకోకుండా చల్లనీళ్లు వదులుతూనే ఉంది. మీటర్‌కేం తెలుసు మీరు ఊళ్లో లేరని.

మ్యూనిక్ అమ్మాయి
ఇక్కడ హీటింగ్ మీటర్లు 6 ఏళ్లకోసారి మార్చేయాలి, కాలిబ్రేషన్ గడువు అంతే. అదీకాక 2026 చివరికల్లా ఇళ్లలోని మీటర్లన్నీ దూరం నుంచి రీడింగ్ తీసేవే ఉండాలని రూల్. మన ఇండియన్స్ చాలామంది రేడియేటర్‌కి అంటించిన చిన్న తెల్ల డబ్బాని హీట్ మీటర్ అనుకుంటారు, అది మీటర్ కాదు, బిల్డింగ్ మొత్తం ఖర్చుని పంచడానికి పెట్టింది. దాని మీద టవల్ ఆరేస్తే అంకె పెరుగుతుందా ఎవరికైనా తెలుసా?

ఫెసిలిటీ కమల
అమ్మాయ్, టవల్ సంగతికి వేరే చర్చ పెట్టుకో. శీను బిల్లులు వేయాలి.

పైపుల పంతులు
అసలు విషయం ఎవరూ చెప్పలేదు. శీనూ, సెన్సర్లు మార్చాక ఊరుకోకు. ఫ్లో మీటర్ సప్లైలో ఉందా రిటర్న్‌లో ఉందా అన్న సెట్టింగ్ కూడా తిరగెయ్యాలి. అది తప్పితే బిల్లంతా తప్పే. నీళ్ల డెన్సిటీ టెంపరేచర్‌తో మారుతుంది, ఇది పుస్తకాల్లో దొరకదు, సైట్‌లో నేర్చుకోవాలి.

డెల్టా టీ
పుస్తకాల్లోనే ఉంది సార్, హీట్ మీటర్ల స్టాండర్డ్ ఈఎన్ 1434లో మొత్తం ఇదే. 80 డిగ్రీల సప్లై, 40 రిటర్న్ ఉన్న హీటింగ్ లైన్‌లో అయితే ఆ సెట్టింగ్ తప్పితే 2 శాతం పోతుంది, ఒప్పుకుంటా. 7 డిగ్రీల దగ్గర క్యూబిక్ మీటర్ నీళ్లు 999.9 కిలోలు, 12 దగ్గర 999.5. తేడా 0.04 శాతం. సెట్టింగ్ సరిగ్గా పెట్టడం మంచిదే కానీ బిల్లంతా తప్పు అనకండి. ఇంకో మాట, సెన్సర్లు పీకమని మొదటే చెప్పకండి. కొత్త క్యాలిక్యులేటర్లు చాలావరకు హీటింగ్, కూలింగ్ రెండూ లెక్కేస్తాయి, కూలింగ్‌కి వేరే రిజిస్టర్ (లెక్క పడే ఖాతా) ఉంటుంది. ఆయన మొదటి స్క్రీన్‌లో హీట్ రిజిస్టర్ చూస్తున్నారేమో. మీ మాట విని పైపులు ఖాళీ చేసి సెన్సర్లు మార్చారనుకోండి, కూలింగ్ అంతా హీట్ ఖాతాలో పడుతుంది, బీఎంఎస్ వాడు ఏ రిజిస్టర్ చదవాలో తెలియక జుట్టు పీక్కుంటాడు.

పైపుల పంతులు
పైపులు ఖాళీ చేయడం ఎందుకు? పైపులోకి దింపిన పాకెట్‌లో (మూసిన గొట్టం) ఉండే సెన్సర్ స్క్రూ విప్పి లాగితే వస్తుంది. ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా మేడమ్, లేక ఎక్సెల్‌లోనేనా?

డెల్టా టీ
చిన్న పైపుల్లో పాకెట్ లేకుండా నేరుగా నీళ్లలోకి దింపే సెన్సర్లూ ఉంటాయి, అవి లాగితే మీకే స్నానం. జడ్చర్లలో ఫార్మా ప్లాంట్‌లో కమిషనింగ్ చేస్తున్నా, ఎక్సెల్ ఆఫీసులో వదిలేసి వచ్చా.

వైర్‌మ్యాన్ వాసు
హహ పంతులు గారికి పడింది.

బీఎంఎస్ బ్రో
మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, ఎప్పుడూ అంతే. ఎం-బస్‌లో రెండు వైర్లకీ ప్లస్ మైనస్ పట్టింపు లేదు, కాబట్టి వైరింగ్ మీద టైమ్ వేస్ట్ చేయొద్దు. అందరికీ ఒకే ప్రైమరీ అడ్రస్ ఉంటే అందరూ ఒకేసారి జవాబిస్తారు, ఒక్క ముక్క అర్థం కాదు. ఒక్కో మీటర్‌ని లైన్ నుంచి విడిగా తీసి 1 నుంచి 250 లోపు అడ్రస్ ఇచ్చుకుంటూ పో, స్పీడ్ మామూలుగా 2400 బాడ్. లేదా సెకండరీ అడ్రస్‌తో చదివించు, అది మీటర్ సీరియల్ నంబర్‌తోనే వస్తుంది, ఏదీ మార్చక్కర్లేదు, మీటర్లని బీఎంఎస్‌కి కలిపే మీ కన్వర్టర్ దానికి ఒప్పుకోవాలి అంతే.
టీఆర్ అవర్లకైతే కిలోవాట్ అవర్లని 3.517తో గుణించు.

ఫెసిలిటీ కమల
గుణించడం కాదు బాబూ, భాగించాలి! గుణిస్తే పన్నెండింతలు వస్తుంది, మళ్లీ ఎండీ క్యాబినే. శీను చెప్పిన లెక్కలకి 11 ఇంటూ 4.7 ఇంటూ 1.163 అంటే 60 కిలోవాట్లు, అది 17 టన్నులు. స్క్రీన్‌లో పవర్ ఇలా రాకపోతే బిల్లు వేయొద్దు.

చిల్లర్ శీను (గచ్చిబౌలి)
డెల్టా టీ గారు చెప్పిందే నిజం. బటన్ నొక్కుతూ పోతే కూలింగ్ రిజిస్టర్ వేరే ఉంది, అందులో బిగించినప్పటి నుంచి ఎనర్జీ పడుతూనే ఉంది. పవర్ కూడా 60 దగ్గరే. ఒక్క అయిదో ఫ్లోర్‌లో మాత్రం రెండూ సున్నా. అక్కడ సప్లై ఎంత కంటే తక్కువ ఉంటే కూలింగ్‌గా లెక్కేయాలో ఆ లిమిట్ 2 డిగ్రీలని పెట్టి ఉంది, 25 చేశాను, కదిలింది. అడ్రస్‌లు రేపు ఇస్తా.
మూడో ఫ్లోర్ కేబుల్ మాత్రం తలనొప్పి. కొత్త సెన్సర్ల జతకి ఆర్డర్ పెడుతున్నాం. కానీ పాత బిల్లులన్నీ ఆ కేబుల్‌తోనే వేశాం కదా, టెనెంట్‌కి చెప్పాలా వద్దా అని మేనేజర్ అడుగుతున్నాడు.

పైపుల పంతులు
చెప్పకు. మీటర్ మార్చాం అను చాలు.

ఫెసిలిటీ కమల
పంతులు గారూ మీకు దండం. శీనూ, కొత్త సెన్సర్లు వచ్చాక తేడా తగ్గి బిల్లు తగ్గితే వాళ్ల అడ్మిన్ అదే రోజు అడుగుతాడు, నిన్నటిదాకా ఎందుకెక్కువ అని. ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పి, డెల్టా టీ లెక్క జతచేసి, వచ్చే బిల్లుల్లో తగ్గించండి. పాత కేబుల్ పారేయకండి, పొడవు కొలిచి ఫొటో తీసి పెట్టుకోండి.

వైర్‌మ్యాన్ వాసు
కాంట్రాక్టర్ పేరు మాత్రం ఆ లెటర్‌లో పెట్టకండి సార్, పాపం డ్రాయింగ్ ప్రకారమే చేసుంటాడు.