పక్కపక్క పాలిగాన్ల మధ్య సన్నటి ఖాళీలు, అతివ్యాప్తులు: మళ్ళీ గీయకుండా సరిచేయడం ఎలా?

మ్యాపులు తయారుచేసే సాఫ్ట్‌వేర్ క్యూజిఐఎస్‌లో శాటిలైట్ చిత్రం మీద భూవినియోగ పాలిగాన్లు (ఒక్కో ప్రాంతం హద్దు వెంట గీసే మూసిన ఆకారాలు) 340 దాకా గీశాను. తప్పు నాదే, మొదటి సగం స్నాపింగ్ (కొత్త అంచును పక్క అంచుకు సరిగ్గా అతికించే సౌకర్యం) ఆన్ చేయకుండానే గీసేశాను. పైకి చూస్తే అంతా బాగానే ఉంది, జూమ్ చేస్తే మాత్రం హద్దుల మధ్య వెంట్రుకంత సందులు, కొన్నిచోట్ల ఒకదానిమీదొకటి ఎక్కిన అంచులు. హద్దులు సరిగ్గా కలిశాయో లేదో చూసే టోపాలజీ చెకర్ 200కు పైగా తప్పులు చూపిస్తోంది.

ఆకారాల్లో లోపాలు సరిచేసే ఫిక్స్ జామెట్రీస్ నడిపితే తమను తాము కోసుకున్న పాలిగాన్లు బాగయ్యాయి, సందులు అలాగే ఉన్నాయి. అది ఒక్కో పాలిగాన్‌ను విడిగా చూస్తుంది కదా, పక్కదాని సంగతి దానికి పట్టదు. తర్వాత గ్రాస్ అనే మరో మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లోని వి.క్లీన్‌ (హద్దులను శుభ్రం చేసే పనిముట్టు)లో స్నాప్ హద్దు, అంటే ఎంత దూరంలోపు అంచులను కలపాలో, 0.5 ఇచ్చాను. అర మీటరు అనుకున్నా. నా పాలిగాన్లున్న లేయర్ (మ్యాప్ పొర) కొలతలు ఉన్నది అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో! అర డిగ్రీ అంటే దాదాపు 55 కిలోమీటర్లు. మ్యాప్ మొత్తం ముద్దయిపోయింది. కాపీ దాచుకోబట్టి బతికాను.

ఇప్పుడు లేయర్‌ను మీటర్లలో కొలిచే యూటీఎం అనే మ్యాప్ కొలతల పద్ధతిలోకి మార్చి, మళ్ళీ వి.క్లీన్‌తో స్నాప్ చేద్దామనుకుంటున్నా. అర మీటరుతో మొదలుపెట్టొచ్చా? క్యూజిఐఎస్‌లోని ఎలిమినేట్ సెలెక్టెడ్ పాలిగాన్స్ పనిముట్టు చిన్న ముక్కలను పక్కదానిలో కలుపుతుంది సరే, కానీ ఖాళీ సందు అసలు పాలిగానే కాదు. ముందు దాన్ని పాలిగాన్‌గా మార్చే సులువైన దారి ఉందా? చెరువుల కోసం కావాలనే వదిలిన రంధ్రాలు పూడిపోకూడదు, ఆట్రిబ్యూట్ టేబుల్ (ఒక్కో పాలిగాన్ వివరాలుండే పట్టిక) కూడా చెదరకూడదు. ఈ పని చేసినవాళ్ళు ఏది ముందు, ఏది తర్వాత నడపాలో చెప్పండి ప్లీజ్.