‘కడువడిఁ జను’: వడా, వేగమా?

పాతచీటీ: చేత్తో మందు నింపుకునే పిస్తోలు తూటాల మీద వ్యాసం రాస్తున్నాను. క్రోనోగ్రాఫ్ (గుండు ఎంత జోరుగా పోతోందో కొలిచే పెట్టె) చూపే అంకెల వరుసకి ‘వడి’ అని పేరు పెట్టానో లేదో, పోతన పట్టుకున్నాడు. గజేంద్రమోక్షంలో లక్ష్మీదేవి కొంగు పట్టుకునే పరుగెత్తిన విష్ణువుని, ఎక్కడికని అడగాలా వద్దా అని ఆవిడ తడబడే పద్యం అది. ‘అడిగెదనని కడువడిఁ జను, నడిగినఁ దను మగుడ...’ ఆ తర్వాత ‘నుడుగఁడని’యా, ‘నుడువఁడని’యా? అన్నట్టు, ఆ వరుసకి వడి చాలా, వేగం అనాలా?

లఘుమూర్తి: వడే. బడి పుస్తకాల్లో దిశ ఉంటే వేగం, లేకపోతే వడి. రెండు కాంతి సెన్సర్ల మధ్య దూరాన్ని గుండు దాటిన సమయంతో భాగిస్తుంది ఆ పెట్టె, అంతే. కాబట్టి ‘సగటు వడి’ అనండి. అదీ గొట్టం మూతి దగ్గరది కాదు, మూడు నాలుగు మీటర్ల అవతలది. మరీ దగ్గర పెడితే మంటకీ పేలుడు గాలికీ సెన్సర్లు మోసపోతాయి. పద్యంలో ‘నుడువఁడని’. మగుడ నుడువు అంటే బదులు పలుకు.

గళ్ళనుడి: కాదండీ. మగుడన్ + ఉడుగఁడు. వెంటనే ‘నడ యుడుగున్’ ఉంది కదా! ఆయన ఆగడేమోనని ఈవిడ ఆగింది. ఆ ఎదురుబొదురే పోతన.

లఘుమూర్తి: మరి ‘తను’ ఎక్కడ అతుకుతుంది? తనతో బదులు పలకడు అంటేనే కుదురుతుంది.

గళ్ళనుడి: ఛందస్సు నడగండి.

లఘుమూర్తి: అది సాక్ష్యం చెప్పదు. గ అయినా వ అయినా లఘువే, యతి ‘అని’ మీద పడుతోంది. రెండు, నాలుగు పాదాల చివరి గురువులు తప్ప పద్యమంతా లఘువులే!

పురిమెలి: యతికి ‘వడి’ అని పేరుందని ఎవరూ అనరేం? పరుగుకీ ఆగడానికీ ఒకే మాట. నూలు పురికి కూడా వడే. గొట్టం లోపలి మెలి గాడులు గుండుని తిప్పుతాయి కనక, పిస్తోలు వ్యాసంలో ‘గుండు వడి’ అంటే ఏ వడో చెప్పుకోవాలి.

పాతచీటీ: బాగుంది, ఇంకో పేచీ. 9 మి.మీ. తూటా మామూలుగా సెకనుకి 300 నుంచి 400 మీటర్లు. ఒకే తూకం మందు పోసినా ఒక్కో దెబ్బకి అంకె మారుతుంది. తూటా సగమే నిండితే మందు ముందుకి జారిందా, వెనక్కా అన్నది కూడా తేడా తెస్తుంది. అదే పద్యంలోని ‘వెడవెడ సిడిముడి తడఁబడ’ అనిపిస్తుంది వరుస చూస్తే. ఆ ఎగుడుదిగుడుకి మాటేమిటి?

లఘుమూర్తి: 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు ఈ అంకెలేవీ లేకుండా లోలకానికి గుండు కొట్టి, ఊపుని బట్టి లెక్కగట్టాడు. అది తేల్చింది ముందు ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది), ఆ తర్వాతే వడి.

పురిమెలి: నాలుగో పాదంలో ‘జడిమ’ కూడా మీ భౌతికశాస్త్రమేనేమో, జడత్వం!

గళ్ళనుడి: లక్ష్మీదేవికి న్యూటన్ అంటగట్టకండి. జడిమ అంటే అక్కడ సిగ్గుతో వచ్చిన మ్రాన్పాటు.

లఘుమూర్తి: సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చింది? కొంగు పట్టుకున్నది ఆయన. ఈవిడది సందేహం.